అరవై నాలుగో గడి తర్వాత

కంప్యూటర్లతో బతికే మాలాంటివాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా ఎదురయ్యే సంఖ్య ఒకటుంది. 18446744073709551615. రుణ సంఖ్యల జోలికి పోకపోతే, 64 బిట్ల చోటులో పట్టగలిగిన అతి పెద్ద పూర్ణ సంఖ్య ఇదే. డేటాబేసు మాన్యువళ్ళలో హద్దుగా కనిపిస్తుంది. రుణ సంఖ్యంటే తెలియని ప్రోగ్రాము సున్నలోంచి ఒకటి తీసేస్తే వచ్చే జవాబు కూడా ఇదే. కారు మైళ్ళ మీటరుని అన్నీ సున్నలున్న చోటునుంచి ఒక్క మైలు వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులైనట్టు, ఇక్కడ 64 సున్నలూ 64 ఒకట్లైపోతాయి.

ఇరవై అంకెల ఈ సంఖ్యకి తెలుగులో ఒక పద్యం ఉంది. అది 64 గళ్ళ చదరంగం బల్ల గురించిన పద్యం. పావులూరి మల్లన గణితంలోదిగా తెలుగువాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన చంపకమాల. మల్లన నన్నయకి సమకాలికుడని కొందరూ, ఒకటి రెండు తరాల తర్వాతివాడని కొందరూ వాదించుకున్నారు. పదకొండో శతాబ్దం అనుకున్నా, పన్నెండో శతాబ్దం మొదలు అనుకున్నా మన విషయానికి వచ్చే నష్టం లేదు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని ఆయన తెలుగు చేశాడు. మనకి దొరుకుతున్న తొలి తెలుగు శాస్త్రగ్రంథాల్లో అది ఒకటి. ఒక పక్క భారతం తెలుగవుతున్న రోజుల్లోనే, మరో పక్క లెక్కలు కూడా తెలుగయ్యాయన్నమాట. మొదటిది మనకి గుర్తుంది.

చదరంగం కథ మీకందరికీ తెలిసిందే. ఆట కనిపెట్టినవాణ్ణి ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టిస్తూ 64 గళ్ళూ నింపమన్నాడు వాడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. తర్వాత ఆస్థాన గణకులు లెక్క వేసి చెప్పాక నవ్వు ఆగిపోయింది. మొత్తం గింజలు రెండుని 64 సార్లు హెచ్చవేసి అందులోంచి ఒకటి తీసేసినన్ని. మన లెక్కలో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన ఇంకొంత. బియ్యపు గింజ ఒక్కోటి పాతిక మిల్లీగ్రాములనుకుంటే సుమారు 46 వేల కోట్ల టన్నుల బియ్యం. ఇవాళ ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకు. ఆ లెక్కన మల్లన కాలంనుంచి ఇప్పటిదాకా ఈనాటి దిగుబడితోనే పండిస్తూ వచ్చి, ఒక్క గింజ తినకుండా దాచిపెడితే, రాజుగారి బాకీ దాదాపు తీరుతుంది.

ఈ కథ మన ఒక్కరిదే కాదు. అరబ్బులూ పారశీకులూ కూడా దీన్ని చెప్పుకున్నారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఇదే మొత్తాన్ని లెక్కకట్టి రాశాడు. ఆయన 64 సార్లు రెట్టించుకుంటూ కూర్చోలేదు. రెండుని రెండుతో హెచ్చవేస్తే 4. దాన్ని దానితోనే హెచ్చవేస్తే 16. మళ్ళీ అలాగే 256. ఆ పైన 65536. ఆ పైన 4294967296. ఇంకొక్కసారి చేస్తే 18446744073709551616. అందులోంచి ఒకటి తీసెయ్యాలి. మొత్తం ఆరు వర్గాలు, ఒక తీసివేత. పలకా బలపం ఉన్న ఓపికమంతుడు ఒక సాయంత్రంలో తేల్చుకోగల పని. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వర్గం చెయ్యడం, కొంచెం తీసెయ్యడం, మళ్ళీ వర్గం చెయ్యడం అనే ఈ పని వెయ్యేళ్ళ తర్వాత టెక్సస్‌లో మళ్ళీ మనకి ఎదురవుతుంది.

మల్లన దాన్ని పద్యంలో పెట్టిన తీరు వేరే ముచ్చట. అంకెల్ని అంకెలుగానే చెప్తే చంపకమాలలో ఇమడవు. అందుకని మన పూర్వులు ఒక్కో అంకెకి లోకంలో అన్నే ఉన్న వస్తువుల్ని పేర్లుగా వాడుకున్నారు. చంద్రుడు ఒక్కడే కనక చంద్రుడికి ఎన్ని పేర్లున్నాయో అవన్నీ ఒకటే. అగ్నులు మూడు. వేదాలు నాలుగు, సముద్రాలూ నాలుగే. మన్మథుడి బాణాలు ఐదు. తర్కాలు ఆరు. కొండలు ఏడు, దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది, శరీరంలో రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కనక సున్న. ఒకట్ల స్థానంనుంచి మొదలెట్టి ఎడమకి చదువుకుంటూ పోవాలి. చంద్రుడికి పేర్లు బోలెడు కనక కవికి గణాలు కుదుర్చుకునే వెసులుబాటు ఉంటుంది. వినేవాడికి ఇంకో లాభం ఉంది. రాసుకునేటప్పుడు ఒక మాట జారిపోతే గణం తప్పుతుంది, యతో ప్రాసో చెడుతుంది, ఎక్కడో తేడా ఉందని చెవికే తెలిసిపోతుంది. మేం ఫైళ్ళు ఒకచోటినుంచి ఇంకోచోటికి పంపేటప్పుడు చివర చెక్‌సమ్ అని ఒక చిన్న సంఖ్య తగిలిస్తాం, దారిలో ఏదైనా పాడైతే పట్టుకోవడానికి. మల్లన పద్యానికి ఛందస్సే చెక్‌సమ్. తాటాకు మీదనుంచి తాటాకు మీదకి, నోటినుంచి నోటికి ఇన్ని వందల ఏళ్ళు నడిచి వచ్చినా ఆ ఇరవై అంకెల్లో ఒక్కటి కూడా తప్పులేదు. కావాలంటే పక్కన కాలిక్యులేటరు పెట్టుకుని చూసుకోవచ్చు.

ఇక్కడే ఒక మాట చెప్పెయ్యాలి. మెర్సెన్ సంఖ్యల్ని మెర్సెన్ కన్నా ఆరు వందల ఏళ్ళ ముందే మనవాడు కనిపెట్టాడు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మల్లన చేసిన పని వేరు, తర్వాతివాళ్ళు వేసిన ప్రశ్న వేరు. ఆయన ఒక మొత్తాన్ని తప్పులేకుండా కట్టి, తప్పులేకుండా దాచాడు. ఆ మొత్తాన్ని ఏయే సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి, ఏవీ భాగించకపోతే అలా అని ఎలా తెలుస్తుంది, అన్నవి ఇంకో చోట పుట్టిన ప్రశ్నలు. గొప్పలకి పోయి రెంటినీ కలిపేస్తే మల్లనకే అన్యాయం. ఆయన నిజంగా చేసిన పని కనబడకుండా పోతుంది.

ఆ ప్రశ్నని మాత్రం మనం ఆయన బల్ల మీదే వేసుకోవచ్చు. ఒక్కో గడి నిండేసరికి ఆ గడిదాకా ఉన్న మొత్తం గింజలెన్నో చూస్తూ పోదాం. 1, 3, 7, 15, 31, 63, 127... వీటిలో ప్రధాన సంఖ్యలు ఏవి? అంటే, ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంకే సంఖ్యతోనూ భాగం పోనివి ఏవి? రెండో గడి దగ్గర 3 ప్రధానమే. మూడో గడి దగ్గర 7, ఐదో గడి దగ్గర 31, ఏడో గడి దగ్గర 127. ఆ తర్వాత 13, 17, 19, 31, 61 గళ్ళ దగ్గర మళ్ళీ ప్రధాన సంఖ్యలు వస్తాయి. 64 గళ్ళలో ఈ తొమ్మిదే. తొమ్మిది గళ్ళ నంబర్లు కూడా ప్రధాన సంఖ్యలే అని గమనించే ఉంటారు. దానికి కారణం ఉంది. ఈ మొత్తాల్ని కంప్యూటరు రాసే పద్ధతిలో, అంటే ఒకట్లు సున్నలతోనే రాస్తే, ఎన్నో గడి అయితే అన్ని ఒకట్లు వస్తాయి. నాలుగో గడి మొత్తం 15 అంటే 1111. ఇందులో రెండు 11లు పక్కపక్కన కనిపిస్తూనే ఉన్నాయి కనక అది 11తో, అంటే మన మూడుతో, భాగం పోతుంది. గడి నంబరు సమాన గుంపులుగా విడిపోతే మొత్తం కూడా విడిపోతుంది. అందుకని 64 ఒకట్ల మల్లన సంఖ్య ప్రధానం అయ్యే ప్రసక్తి లేదు.

కాకపోయినా దాని లోపల ఒక చరిత్ర ఉంది. ఆ సంఖ్యని విడగొడితే ఏడు ప్రధాన సంఖ్యలొస్తాయి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. 3, 5, 17, 257, 65537 ఒక్కోటీ ఇందాక అల్ బిరూనీ వర్గాల్లో వచ్చిన సంఖ్యకి ఒకటి కలిపితే వచ్చేవి. రెండుకి ఒకటి కలిపితే 3, నాలుగుకి కలిపితే 5, పదహారుకి కలిపితే 17. ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని 1640లో ఫ్రాన్సులో ఫెర్మా అనే లాయరు ఊహించాడు. 65537 దాకా ఆయన మాట నిలబడింది. ఆ తర్వాతది 4294967297. దాన్ని 641 భాగిస్తుందనీ, భాగఫలం 6700417 అనీ 1732లో ఆయిలర్ చూపించాడు. ఫెర్మా ఊహ కూలిపోయింది. మల్లన పద్యంలో ఉన్న సంఖ్యే, అందులోని ముక్కలే. వాటి మధ్య ఫెర్మా ఎక్కడ జారాడో కూడా దాక్కుని ఉంది.

ఫెర్మా ఉత్తరాలు అందుకునేవాళ్ళలో మారెన్ మెర్సెన్ అనే పారిస్ సన్యాసి ఒకడు. పరిశోధన పత్రికలు లేని రోజులవి. ఐరోపాలో ఎవరికి ఏం తట్టినా మెర్సెన్‌కి రాసేవారు, ఆయన మిగతావాళ్ళకి చేరవేసేవాడు. 1644లో ఆయన ఒక పుస్తకంలో, 257 దాకా ఏయే ఘాతాలకి ఈ రెట్టింపు మొత్తాలు ప్రధానాలవుతాయో జాబితా ఇచ్చాడు: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. మన మాటల్లో ఎన్నో గడి అంటే అంతే. చదరంగం బల్లని 257 గళ్ళ దాకా పొడిగించాడన్నమాట. ఆయన పేరే ఆ సంఖ్యలకి స్థిరపడింది. జాబితాలో మాత్రం ఐదు తప్పులున్నాయి. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాల్సింది. సరిచూడటం అప్పట్లో ఎవరి తరమూ కాలేదు. మల్లన సంఖ్యని పలక మీద సరిచూసుకోవచ్చు. మెర్సెన్ మాటని నమ్మడమో మానడమో తప్ప ఇంకో దారి లేదు. ఈ తేడాయే ఆ తర్వాతి మూడున్నర శతాబ్దాల కథ.

1772లో ఆయిలర్ 31వ గడి సంగతి తేల్చాడు. 2147483647 ప్రధానమే. 1876లో ఫ్రాన్సులో లూకా అనే గణితజ్ఞుడు కొత్త దారి కనిపెట్టి 127వ గడి దగ్గర 39 అంకెల సంఖ్య ప్రధానమని నిరూపించాడు. యంత్రం సాయం లేకుండా మనిషి పట్టుకున్న ఈ సంఖ్య 75 ఏళ్ళు రికార్డుగా నిలిచింది. 67వ గడి సంఖ్య ప్రధానం కాదని కూడా ఆయనే చెప్పాడు, దేనితో భాగం పోతుందో చెప్పకుండా. 1883లో రష్యాలో పెర్వూషిన్ అనే చర్చి పూజారి 61వ గడి సంఖ్య ప్రధానమని చూపించి మెర్సెన్ మరిచిపోయిన ఒకదాన్ని చేర్చాడు. 1903లో అమెరికన్ గణిత సంఘం సభలో కోల్ అనే ఆయన లేచి, నోరు విప్పకుండా నల్లబల్ల మీద ఒక పక్క రెండు 67వ ఘాతంలోంచి ఒకటి తీసేసిన విలువ రాశాడట. ఇంకో పక్క 193707721ని 761838257287తో చేత్తో హెచ్చవేశాడట. రెండు జవాబులూ ఒకటే. మాటే మాట్లాడకుండా వెళ్ళి కూర్చుంటే సభ చప్పట్లు కొట్టిందని చెప్పుకుంటారు. భాజకాలు దొరకడం ఎంత కష్టమో, దొరికాక సరిచూడటం అంత సులువు. మనం ఇంటర్నెట్‌లో బ్యాంకు పనులు ధైర్యంగా చేసుకోగలగడానికి చాలాకాలం ఆధారమైన రహస్యలేఖన పద్ధతి ఈ తేడా మీదే నిలబడింది. దానికి మూడు వందల అంకెల చిల్లర ప్రధాన సంఖ్యలు చాలు. రికార్డులు బద్దలుకొట్టే సంఖ్యలు బ్యాంకులకి అక్కర్లేదు.

లూకా కనిపెట్టిన దారిని 1930లో అమెరికాలో లేమర్ ఇంకా తిన్నగా చేశాడు. ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరికైనా అర్థమయ్యే పద్ధతి. నాలుగుతో మొదలెట్టండి. వర్గం చేసి రెండు తీసెయ్యండి. మీరు పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. ఆ శేషాన్ని మళ్ళీ వర్గం చేసి రెండు తీసెయ్యండి. గడి నంబరుకన్నా రెండు తక్కువ సార్లు ఇలా చెయ్యాలి. చివరికి సున్న మిగిలితే ప్రధానం, మిగలకపోతే కాదు. ఐదో గడి సంఖ్య 31తో చూద్దాం. మూడు సార్లు చెయ్యాలి. నాలుగు వర్గం 16, రెండు పోతే 14. పద్నాలుగు వర్గం 196, రెండు పోతే 194, అందులోంచి 31 ఆరు సార్లు పోగా 8. ఎనిమిది వర్గం 64, రెండు పోతే 62, 31తో భాగిస్తే సున్న. 31 ప్రధానం. దేనితోనూ భాగించి చూడకుండానే తేలిపోయింది.

ఈ సంఖ్యలతో ఇంకో సుఖం ఉంది. ఒక సంఖ్య తొమ్మిదితో భాగం పోతుందా అని చూడటానికి మన పెద్దవాళ్ళు అంకెలు కూడేవారు. అన్నీ ఒకట్లే ఉన్న మెర్సెన్ సంఖ్యతో భాగించడం కంప్యూటరుకి అలాంటిదే. పొడుగాటి సంఖ్యని ముక్కలు చేసి కూడుకుంటే శేషం వచ్చేస్తుంది, భాగహారం చెయ్యక్కర్లేదు. అందుకే ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య చాలాసార్లు ఈ జాతిదే అవుతూ వచ్చింది. 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యనైనా సిద్ధాంతరీత్యా సహేతుకమైన వేగంతో, అనుమానానికి తావులేకుండా పరీక్షించే పద్ధతి ఉందని నిరూపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. సిద్ధాంతంగా అది మహత్తరం. కానీ ఈ ఒక్క జాతి సంఖ్యలకి మాత్రం లూకా, లేమర్ల పాత దారే ఇంకా దగ్గర దారి.

1952 జనవరి 30న లాస్ ఏంజలస్‌లోని ఒక తొలితరం కంప్యూటరు మీద రఫాయెల్ రాబిన్సన్ ప్రోగ్రాము ఒకేరోజు రెండు కొత్త మెర్సెన్ ప్రధానాల్ని పట్టింది, 521వ గడి దగ్గర ఒకటి, 607 దగ్గర ఒకటి. అక్కడినుంచి ఇది యంత్రాల పనైంది. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ అనే ప్రోగ్రామరు, ఇళ్ళలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లన్నిటికీ తలా ఒక గడి అప్పగించే ఏర్పాటు మొదలెట్టాడు. పేరు గింప్స్. ఇష్టమున్నవాళ్ళు ప్రోగ్రాము దించుకుని నడిపించుకోవచ్చు. టెనెస్సీలో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు 14 ఏళ్ళు నడిపిస్తే 2017 డిసెంబరులో ఆయన గడిలో సంఖ్య పడింది. ఊరందరూ తలా ఒక చెయ్యి వేసి చెరువు పూడిక తీసుకోవడంలాంటి పని ఇది. ఎవరి పారకి నిధి తగులుతుందో ముందుగా తెలియదు.

2024 అక్టోబరులో తగిలినది 136279841వ గడి దగ్గర. రెండుని పదమూడు కోట్ల అరవై రెండు లక్షల డెబ్భై తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై ఒక్క సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. పట్టుకున్నాయన ల్యూక్ డురాంట్, అంతకుముందు ఎన్విడియాలో పనిచేసిన ఇంజనీరు. 17 దేశాల్లోని డేటాసెంటర్లలో, బొమ్మలు గీయడానికి పుట్టి ఇప్పుడు కృత్రిమ మేధకి పనిచేస్తున్న చిప్పుల్ని అద్దెకి తీసుకుని వెతికాడు. అక్టోబరు 11న ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఒక చిప్పు, ఇది ప్రధానమే కావచ్చు అంది. కావచ్చు అన్న మాట చాలదు. మర్నాడు మా టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఇంకో చిప్పు లూకా, లేమర్ల పరీక్ష మొత్తం పూర్తిచేసి అవునంది. నాలుగుతో మొదలెట్టి, వర్గం చేసి, రెండు తీసేసి, 136279839 సార్లు. చివర సున్న. ఆ తర్వాత వేరే ప్రోగ్రాములతో, వేరే యంత్రాల మీద కూడా మళ్ళీ సరిచూసుకుని అక్టోబరు 21న ప్రకటించారు. గింప్స్ ఇచ్చే మూడు వేల డాలర్ల బహుమతిని డురాంట్ అలబామాలో తను చదువుకున్న గణిత, విజ్ఞాన పాఠశాలకి ఇచ్చేశాడు.

శాన్ ఆంటోనియో, నేనుండే కాపెల్‌నుంచి ఐ-35 పట్టుకుని దక్షిణానికి పోతే నాలుగున్నర గంటల దారి. ఇక్కడి డాలస్ విమానాశ్రయంలో దిగి తిరిగి ఎక్కే తెలుగువాళ్ళలో చాలామంది, ఆ డేటాసెంటర్లలాంటి వాటిని నడిపించే పనిలోనే ఉన్నవాళ్ళు.

ఆ సంఖ్యకి ఎన్ని అంకెలంటే 4 కోట్ల 10 లక్షల 24 వేల 320. సెకనుకి ఒక అంకె చొప్పున నిద్రాహారాలు మాని చదివితే 474 రోజులు దాటుతుంది. మల్లన పద్ధతిలో పద్యానికి ఇరవై అంకెల చొప్పున రాస్తే సరిగ్గా 20 లక్షల 51 వేల 216 పద్యాలు. లక్ష శ్లోకాల భారతానికి ఇరవై రెట్లు. అంత సంఖ్యా కంప్యూటరులో పదిహేడు మెగాబైట్లు, మీ ఫోనులో ఉన్న పెళ్ళి వీడియోకన్నా చిన్నది. దాన్ని కంఠస్థం చేసేవాళ్ళు లేరు, చెయ్యక్కర్లేదు. గడి నంబరు తొమ్మిదంకెలు గుర్తుంటే మిగతాదంతా తిరిగి కట్టుకోవచ్చు. అందరికీ కావలసింది ఆ సంఖ్య అంకెలు కాదు, అది ప్రధానమన్న మాటకి రుజువు.

ఈ కథలో ఒక తెలుగాయన కూడా ఉన్నాడు. మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, అక్కడా తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ చెప్పి, మిస్సోరీ మీదుగా 1963లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 2006లో ఎడ్మంటన్‌లోనే పోయారు. మెర్సెన్ ప్రధానాలకి తోబుట్టువులైన పరిపూర్ణ సంఖ్యలు ఆయనకి ఇష్టమైన విషయాల్లో ఒకటి. తనని తప్పించి మిగతా భాజకాలన్నీ కూడితే తనే అయ్యే సంఖ్య పరిపూర్ణం. ఆరుకి 1, 2, 3. ఇరవై ఎనిమిదికి 1, 2, 4, 7, 14. ప్రతి మెర్సెన్ ప్రధానానికీ ఇలాంటిది ఒకటి జతగా ఉంటుందని యూక్లిడ్ చూపించాడు. సరి సంఖ్యల్లో ఇవి తప్ప ఇంకో రకం లేదని ఆయిలర్ చూపించాడు.

సుబ్బారావు గారు ప్రశ్నని కొంచెం మార్చారు. భాజకానికీ భాగఫలానికీ ఉమ్మడి భాజకం ఉండకూడదు అని షరతు పెడితే? అరవైని చూడండి. ఈ షరతుకి నిలిచే భాజకాలు 1, 3, 4, 5, 12, 15, 20. కూడితే సరిగ్గా 60. మన ప్రభవాది సంవత్సరాల సంఖ్య, మన షష్టిపూర్తి సంఖ్య ఇలా పరిపూర్ణమైందన్నమాట. 1966లో ఆయన వారెన్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఇలాంటివి నాలుగున్నాయి: 6, 60, 90, 87360. ఐదోది తర్వాత చార్ల్స్ వాల్‌కి దొరికింది, 24 అంకెలది. ఇలాంటివి లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయని సుబ్బారావు గారి ఊహ.

ప్రధాన సంఖ్యని గుర్తుపట్టే ఒక సూత్రం కూడా ఆయన 1974లో ఇచ్చారు. ఒక సంఖ్యని దాని భాజకాల మొత్తంతో హెచ్చవేసి రెండు తీసెయ్యండి. ఆ సంఖ్యకన్నా చిన్నవై, దానితో ఉమ్మడి భాజకం లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కతో భాగించండి. ప్రధాన సంఖ్యైతే ఎప్పుడూ నిశ్శేషంగా పోతుంది. ఏడుకి భాజకాల మొత్తం 8. ఏడెనిమిదులు 56, రెండు పోతే 54, ఆరుతో భాగిస్తే 9. ప్రధానం కాని సంఖ్యల్లో 4, 6, 22 మాత్రమే ఈ పరీక్షని మోసం చెయ్యగలవని ఆయన నిరూపించారు. అనంతంగా ఉన్న సంఖ్యల్లో మూడే. భాజకాలు ముందే తెలియాలి కనక పెద్ద సంఖ్యలకి ఈ సూత్రం పనిముట్టుగా పనికిరాదు. అందంగా ఉండే సత్యాలన్నీ పనిముట్లు కానక్కర్లేదు. సంఖ్యల విభజన మీద ఆయన చేసిన ఇంకో ఊహ ఆయన పోయాకగానీ పూర్తిగా తేలలేదు. ఆయన కుమారుడు ఎం. విద్యాసాగర్ గారు పేరున్న నియంత్రణ శాస్త్రజ్ఞుడు, లండన్ రాయల్ సొసైటీ ఫెలో. కొన్నేళ్ళు కాపెల్‌కి అరగంట దూరంలో ఉన్న టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ శాఖలో ఆచార్యులుగా ఉన్నారు. యాజలినుంచి వచ్చిన దారి మా పక్క ఊరిదాకా నడిచిందన్నమాట.

సుబ్బారావు గారి వ్యాసాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఉండాలి కూడా. లోకంలో సరిచూసేవాళ్ళకి అందే భాషలో రాయకపోతే రుజువుకి అర్థం లేదు. మల్లన కూడా అదే చేశాడని నాకు అనిపిస్తుంది. ఆయన ఎదురుగా ఉన్న సరిచూసేవాళ్ళు తెలుగు కరణాలు, వర్తకులు, గణకులు. సంస్కృతంలో ఉన్న లెక్కని వాళ్ళ చేతికి అందించాలంటే తెలుగు చెయ్యాలి. ఎవరు సరిచూస్తారో వాళ్ళ భాషలోకి లెక్క వస్తుంది.

మన ఇళ్ళలో ఇప్పుడు జరుగుతున్నది దీనికి తిరగబడ్డ సంగతి. కాపెల్‌లో మన పిల్లలు లెక్కల పోటీల్లో ఘటికులు. శేషాల లెక్కలు ఆరో తరగతిలోనే చేసేస్తారు. ఆ పిల్లలతోనే మనం తెలుగులో మాట్లాడేది అన్నం తిన్నావా, చెప్పులు వేసుకో, తాతయ్యకి ఫోను ఇయ్యి. లెక్క దగ్గరికి రాగానే ఇద్దరం ఇంగ్లీషులోకి దిగిపోతాం. హైదరాబాదులో ఉన్న నా స్నేహితుల ఇళ్ళలోనూ ఇంతే. తెలుగులో ఆ మాటలు లేవంటారు. ఈ వ్యాసంలో వర్గం, ఘాతం, శేషం, భాజకం, నిశ్శేషం తప్ప నేను పెద్ద మాట ఏదీ వాడలేదు. ఇవన్నీ బడి పుస్తకాల్లో ఉన్న మాటలే, కొన్ని మల్లన వారసత్వంగా వచ్చినవే. మాటలున్నాయి. వాటితో ఒకరి లెక్క ఒకరం సరిచూసుకునే అలవాటు పోయింది. వంటింటికీ పలకరింపులకీ పరిమితమైన భాషని పిల్లలు ప్రేమగా చూస్తారేమో గానీ, ఏదైనా నిజమో కాదో తేల్చుకోవలసి వచ్చినప్పుడు దాని దగ్గరికి రారు.

అందుకని ఒక చిన్న పని మీకు అప్పగిస్తున్నాను. ఏడో గడి దగ్గర మొత్తం 127. నాలుగుతో మొదలెట్టి, వర్గం చేసి, రెండు తీసేసి, 127తో భాగించి శేషం ఉంచుకుంటూ ఐదుసార్లు చెయ్యాలి. దారిలో 14, 67, 42, 111 తగులుతాయి. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం పెన్సిలు ఇచ్చి, మొత్తం తెలుగులోనే చెప్తూ చేయించండి. ఎక్కడైనా తేడా వస్తే ఎందుకొచ్చిందో కూడా తెలుగులోనే వెతకండి. చివర సున్న రావాలి.